అరచేయి నేల వైపు

జ్ఞానాపురంలో ఆరేసిన చీర
సాయంత్రానికి బొగ్గుదుమ్ము కట్టుకుంటుంది.
దులిపి మడతపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.
నాన్నను మంచం మీద పక్కకి తిప్పడం మాత్రం
నలభై ఏడో ఏట, ఎవరూ చెప్పకుండా,
తప్పుగా నేర్చుకున్నాను.

పోర్టులో మా నాన్న సిగ్నల్ మనిషి.
బెర్తు మీద నిలబడి చూపుడువేలు పైకెత్తి
గాల్లో చిన్న సున్నా చుడితే
ఇరవై టన్నులు లేచేవి.
వేలు కిందికి తిప్పితే ఓడ కడుపులోకి దిగేవి,
నిద్రపోయే పిల్లను దించినంత మెత్తగా.
చెయ్యి చాపి అరచేయి నేల వైపు పెడితే
క్రేను, లారీలు, మేస్త్రీ తిట్లు
ఎక్కడివక్కడ ఆగిపోయేవి.

ఇప్పుడాయన నలభై రెండు కిలోలు.
ఆ నలభై రెండూ నా నడుంలోనే ఉన్నాయి.

నేను ఒక్కోసారి అమ్మను,
ఒక్కోసారి యార్డులో ఎవరో గవరయ్యను.
"గవరా, స్లింగు సూసుకో" అంటాడు
తడిసిన పక్కబట్ట లాగుతుంటే.
చూసుకుంటాను.

రాత్రి పన్నెండుకి ఒకసారి, రెండుకి, నాలుగుకి.
నాలుగున్నరకి గూడ్సుబండి కూత.
ఐదుకి కుళాయి.
తర్వాత మిషను. పెళ్ళిళ్ళ రోజులు,
ఒకే జాకెట్టు చంక ఈ వారం మూడుసార్లు విప్పి కుట్టాను.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆపిల్ పళ్ళు తెస్తారు.
నాన్నకి పళ్ళు లేవు.
"ఎలా ఉన్నారు?" అని గడప దగ్గరే అడుగుతారు.
ఆ 'రు' ఆయనకే.
"పుణ్యం చేసుకున్నావమ్మా" అంటారు వెళ్తూ.
పుణ్యాన్ని నడుముకి రాసుకోవచ్చో లేదో
ఎవరూ చెప్పలేదు.

తమ్ముడు అనకాపల్లి నుంచి నెలకి మూడు వేలు వేస్తాడు.
ఫోనులో వాడి గొంతు ఎప్పుడూ తలవంచుకునే ఉంటుంది.
తిట్టాలని లేదు.
డైపర్లకి సరిపోతాయి, ఇరవయ్యో తేదీ దాకా.

చెప్పకూడనిది ఒకటి చెప్తాను.
ఆషాఢంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
మూడోసారి పక్క తడిసింది.
ఆయన్ని లేపుతూ అరిచాను,
"ఇంకెన్నాళ్ళు నాన్నా" అని.
పట్టుకున్న చోట నా వేళ్ళు ఐదూ అచ్చుపడ్డాయి.
సెల్‌ఫోను వెలుగులో ఆయన ఏడవలేదు.
కుడిచెయ్యి మెల్లగా చాపాడు,
అరచేయి నేల వైపు.

ఆ సైగ నాకో, గవరయ్యకో,
ఎక్కడో గాల్లో వేలాడుతున్న ఇనుపరాయికో తెలీదు.
కానీ చిన్నప్పుడు నాకు అన్నం పెడుతూ ఆయనే అనేవాడు,
"బరువెక్కువైతే క్రేను సెప్పదే అమ్మా,
కిందున్నోడు సూసి సెప్పాల."

తెల్లారకముందే సలోమక్క తలుపు కొట్టాను.
కె.జి.హెచ్.లో ముప్పై ఏళ్ళు ఆయా.
పక్క వాటా, మధ్యలో ఒక్క గోడ.
"ఎప్పుడు పిలుత్తావా అని సూత్తన్నానే" అంది.
గోడ అవతల అన్నీ వినబడుతున్నాయట.
అడక్కుండా రావడం మర్యాద కాదనుకుందట,
అడగడం మర్యాద కాదని నేననుకున్నట్టే.

దుప్పటి నాలుగు మడతలేసి వీపు కిందికి తోసింది.
"నడుంతో కాదు, మోకాళ్ళు వంచు.
నీ దగ్గరికి లాక్కో, పైకెత్తకు."
నాన్న తిరిగాడు, పడవ ఒడ్డుకి తిరిగినట్టు.
ఇంత సులువని తెలిసినందుకు
పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు గురువారాలు మూడు నుంచి ఐదు దాకా
సలోమక్క ఉంటుంది.
ఆవిడ మనవరాలి యూనిఫారాలు నేను కుడతాను.
లెక్క సరిపోదు. ఇద్దరం లెక్కపెట్టం.

మొదటి గురువారం ఏం చెయ్యాలో తోచలేదు.
కాన్వెంట్ జంక్షన్లో సింహాచలం బస్సెక్కి
కిటికీకి తల ఆనించాను.
కండక్టరు లేపేసరికి కొండ కింద ఉన్నాను.
"దర్శనానికా అమ్మా?"
"కాదు బాబూ, నిద్రకి."
అదే బస్సులో తిరిగొచ్చాను.

సలోమక్క నాన్నకి గోళ్ళు తీస్తోంది.
ఆయన నన్ను చూసి
తీసిన గోరున్న వేలు పైకెత్తాడు,
గాల్లో చిన్న సున్నా.
ఏం లేపమంటున్నాడో తెలీదు.
దండెం మీది చీర తీసి దులిపాను.